పైకప్పును పట్టియుంచు ముడిరాయి

ధ్యాన పాఠములు: జెకర్యా 4:6-10, ఎఫెసీయులకు 2:19-22



ఇల్లు కట్టుటను గూర్చి పరిశుద్ధ లేఖనములు విస్తారముగా మాటలాడుచున్నవి. పునాదిని గూర్చి, మూలరాతిని గూర్చి మనము అనేక పర్యాయములు ప్రసంగములు వినియున్నాము. ఈ మాసము కన్నులు పైకెత్తి, కప్పులోనుండు ఒక రాతిని గూర్చి ధ్యానింతము. జెకర్యా ప్రవక్తకు కలిగిన వాక్కులో జెరుబ్బాబెలు పైరాయి తెచ్చి పెట్టించుటయు, జనులు దేవుని కృపను చాటుచు కేకలు వేయుటయు చూచుచున్నాము. పునాది వేసిన చేతులే పని ముగించునని ఆ దినమున దేవుడు సెలవిచ్చెను.

మన సముద్రతీర గ్రామములలో అక్కడక్కడ ఇంకను చుట్టిళ్లు నిలిచియున్నవి. గుండ్రని మట్టిగోడ, దానిమీదనుండి అన్ని దిక్కులనుండియు లేచిన వాసములు, ఆ వాసములన్నియు పైన ఒక్కచోట కలిసి ముడిపడును, దానిమీద తాటాకు కప్పుదురు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన శ్రీకాకుళం తీరముమీద పడినప్పుడు కొబ్బరితోటలు, జీడితోటలు ఎట్లు నేలకు ఒరిగెనో మీలో అనేకులు కన్నులార చూచితిరి. తుపాను ఎరిగినవారికి కప్పు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. వాసము ఎంత లావైనను, కొనయందు ముడి ఊడినయెడల ఆ యింటికి కప్పు లేదు.

ఈ పాఠమునే పూర్వకాలపు ఐరోపా క్రైస్తవులు రాతిలో నేర్చుకొనిరి. పారిసు పట్టణమునకు దగ్గరనున్న సేంట్ డెనీ మందిరపు తూర్పుభాగము 1144లో ప్రతిష్ఠింపబడెను. గోతిక్ అనబడిన కట్టడపు రీతికి అదియే తొలి గొప్ప మచ్చుతునకయని పండితులు చెప్పుదురు. ఆ రీతి అక్కడనుండి ఇంగ్లండుకును ఇతర దేశములకును వ్యాపించెను. మొనదేలిన కమానులు, ఎత్తయిన స్తంభములు, రాతితోనే అల్లిన లోకప్పు దాని గురుతులు. స్తంభముల తలలనుండి రాతి బద్దలు తాటిమట్టలవలె పైకి చీలి, కప్పు నడుమ ఒకదానినొకటి కలిసికొనును. అవి ఆకులోని ఈనెలవలె నుండును గనుక వాటిని రాతి ఈనెలు అందము. ఈనెకును ఈనెకును నడుమ పలుచని రాళ్లు పేర్చి కప్పు పూర్తిచేసెడివారు.

ఈనెలన్నియు కలియు తావున ఒక పెద్ద రాయి పెట్టుదురు. ఆంగ్లేయులు దానిని బాస్ అందురు. మనము ముడిరాయి అందము. మేస్త్రీలైన సహోదరులు దీనిని సులువుగా గ్రహింతురు. మొదట నేలమీదనే ఆ రాతికి నలువైపుల ఈనెలు వచ్చి అతుకుటకు మొనలు చెక్కెడివారు. పిమ్మట స్లాబునకు సెంట్రింగు కట్టినట్లే కలపతో గట్టి సెంట్రింగు కట్టి, దానిమీద ఈనెల రాళ్లను ఒక్కొక్కటిగా పేర్చుకొనుచు వచ్చి, నడుమ ఈ రాతిని దించెడివారు. రెండు ప్రక్కలనుండి వాలిన ఈనెలు ఒకదానినొకటి త్రోయుచుండును. మొనదేలిన కమాను కొన పైకి లేవజూచును. ముడిరాతి బరువు దానిని అణచియుంచును. సున్నము బిగిసిన తరువాత సెంట్రింగు తీసివేసెడివారు. ఆ దినమున గదా కప్పు నిజముగా నిలిచినదో లేదో తేలునది!

అనేక ఈనెలు అనేక వాలులతో వచ్చి కలియు చోటు చూపునకు అందముగా నుండదు. గనుక శిల్పులు ఆ రాతి అడుగుభాగమును విడిచిపెట్టక, దానిమీద ఆకులు, పువ్వులు, మనుష్యుల ముఖములు, దేవదూతలు, బైబిలు కథలు చెక్కి, రంగులును బంగారు పూతయు వేసిరి. అతుకు కనబడవలసిన చోట అలంకారము కనబడెను. మన శ్రీముఖలింగములో పూర్వపు శిల్పుల చేతిపని చూచినవారికిని, టెక్కలి ప్రాంతపు గ్రానైటు క్వారీలలో చెమటోడ్చినవారికిని రాయి ఎంత మొండిదో, దానిని లోబరచుకొనుటకు ఎంత ఓర్పు కావలెనో తెలియును.

ఇంగ్లండులోని నార్విచ్ పట్టణపు మహామందిరములో ఇట్టి ముడిరాళ్లు వెయ్యికి పైగా కలవు. 1463లో ఆ మందిర శిఖరముమీద పిడుగు పడి, అగ్ని వ్యాపించి, జనులు కూర్చుండు పెద్దసాల కప్పు కాలిపోయెను. అప్పటి బిషప్పు వాల్టర్ లైహార్ట్ కలపకు బదులు రాతితో కప్పు వేయించెను. ఆ సాల కప్పులో 14 అంకణములు కలవు. తూర్పుననున్న 7 అంకణములలో సృష్టి మొదలుకొని పాతనిబంధన కథలు, తక్కిన 7 అంకణములలో ప్రభువు జననము మొదలుకొని కడవరి తీర్పు వరకును చెక్కబడియున్నవి. నోవహు ఓడ అక్కడ ఉన్నది. ఎఱ్ఱసముద్రములో మునుగుచున్న ఫరోయు ఉన్నాడు. ప్రభువు రాత్రిభోజనమును ఆయన సిలువయు ఉన్నవి. ఎగ్జిటర్ పట్టణపు మందిరములోనైతే 13, 14 శతాబ్దములలో కట్టిన రాతికప్పు సుమారు 300 అడుగులు ఎడతెగక సాగును. 1170లో కాంటర్బరీ మందిరములో హతుడైన థామస్ బెకెట్ మరణము అక్కడ ఒక ముడిరాతిమీద చెక్కబడియున్నది.

ఇక్కడ మీలో కొందరి హృదయములో ఒక ప్రశ్న పుట్టియుండును. దేవుని మందిరములో చెక్కిన బొమ్మలు ఉండవచ్చునా? నిర్గమకాండము 20వ అధ్యాయము దీనిని నిషేధించుటలేదా? మంచి ప్రశ్నయే. దానికి లేఖనమునుండియే జవాబు వెదకుదము. ఆ ఆజ్ఞ రూపమును చేసికొని, దానికి సాగిలపడి, దానిని పూజించుటను నిషేధించుచున్నది. అయితే అదే దేవుడు నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలును తన ఆత్మతో నింపి, రాళ్లు సానబెట్టుటకును మ్రాను చెక్కుటకును జ్ఞానమిచ్చెను. 1 రాజులు 6వ అధ్యాయములో సొలొమోను మందిరపు గోడలమీద కెరూబులును ఖర్జూరపుచెట్లును వికసించిన పువ్వులును చెక్కింపబడెను. మోషే చేసిన ఇత్తడి సర్పమును చూడుడి. సంఖ్యాకాండము 21లో అది దేవుని ఆజ్ఞచొప్పున చేయబడెను, దానిని చూచినవారు బ్రదికిరి. కాని 2 రాజులు 18వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు దానికి ధూపము వేయుచుండగా హిజ్కియా దానిని తుత్తునియలు చేసెను. లోహము ఒక్కటే, జనుల హృదయము మారెను.

దిద్దుబాటు కాలమునందును, 17వ శతాబ్దపు ప్యూరిటనుల కాలమునందును ఇంగ్లండు మందిరములలోని విగ్రహములు అనేకములు పగులగొట్టబడెను. నార్విచ్ మందిరములోను చాల నాశనము జరిగెను. అయినను పెద్దసాల కప్పులోని ముడిరాళ్లు నిలిచెను. అవి చేతికందని ఎత్తున నుండెను. వాటి ముందర ఎవడును మోకరించియుండలేదు, దీపము వెలిగించియుండలేదు. ఆ రాళ్లు కథ చెప్పినవి, కప్పును మోసినవి. అంతకుమించి ఏమియు కోరలేదు. సహోదరులారా, మన మందిరపు సిలువ, మన పాత హార్మోనియము, మన పేరుగల బోధకుడు, వీటిలో ఏది దేవుని మహిమను మోయుచున్నది, ఏది తనకే మహిమ కోరుచున్నది అని పరీక్షించుకొనుట మనకును అవసరమే.

ఇప్పుడు మొదటి సంగతి: మరుగైన పనిని గూర్చి. ఆ నార్విచ్ కప్పు నేలనుండి సుమారు 70 అడుగుల ఎత్తున ఉన్నది. అనగా మన ముదురు తాడిచెట్టంత ఎత్తు. చదువురాని జనులకు అవి బైబిలు పుటలని కొందరు చెప్పుదురు గాని, అంత ఎత్తున ఉన్న ముఖములోని కన్నులు, వస్త్రపు ముడతలు క్రిందనుండి ఎవరికి కనబడును? నేడును వచ్చినవారు మెడలు నొవ్వకుండ అద్దములు పెట్టుకొని చూచుచున్నారు. 2019 ఆగస్టులో ఆ కప్పును కొంత దగ్గరగా చూపుటకని మందిరములోపలనే ఒక ఎత్తయిన జారుడు గోపురము నిలిపిరి. కొందరు మెచ్చుకొనిరి, కొందరు ఆక్షేపించిరి. ఎవరికిని సరిగా కనబడని చోట ఆ శిల్పి ఎందుకంత శ్రద్ధగా చెక్కెను? నేలమీద ఉన్నప్పుడు దానిని చూచినవాడు తాను, తన తోటివారు. పైకెత్తిన తరువాత దగ్గరగా చూచువాడు దేవుడొక్కడే. రహస్యమందు చూచు తండ్రిని గూర్చి మన ప్రభువు మత్తయి 6వ అధ్యాయములో బోధించినది అదియే గదా.

ఆ బిషప్పు తన పేరునకు గురుతుగా పండుకొనియున్న ఒక దుప్పిని ఆ మందిరములో చెక్కించెను. ఆంగ్లమున హార్ట్ అనగా దుప్పి. ఆయన పేరు నేటికిని తెలిసినది. ఉలి పట్టిన చేతుల పేర్లో, లోకమునకు తెలియవు. ఆ సంగతి అంత దూరమున లేదు. మన తెలుగుదేశములోనే మెదకు మహామందిరము గోతిక్ రీతిని కట్టబడినది. వెస్లియన్ మిషనరీ ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో దాని పని ప్రారంభించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపజేసిరి. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గోపురము 175 అడుగులు. కరవు దినములలో ఆకలిగొన్న జనులకు అన్నము దొరుకునట్లు ఆ పని సాగెను. పాస్నెట్ దొరగారి పేరు అందరు ఎరుగుదురు. అందులకు ఆయన తగినవాడే. రాళ్లు మోసిన తల్లుల పేర్లు ఎవరెరుగుదురు? దేవుడెరుగును.

మన సంఘముల సంగతి చూడుడి. ఒక గ్రామ సంఘములో కప్పు మరమ్మతునకు చందాలు పోగుచేసిరి. పని నెరవేరెను గాని, శిలాఫలకముమీద ఎవరి పేరు ముందు వ్రాయవలెనను తగవు పుట్టి, రెండు కుటుంబములు ఆరాధనలో వేరువేరు ప్రక్కల కూర్చుండసాగిరి. ఫ్యాను ఇచ్చినవారు ఫ్యాను రెక్కమీద పేరు వ్రాయించుకొందురు. అది తిరుగుచున్నంతసేపు ఎవరికిని కనబడదు, నిలిచిపోయినప్పుడే కనబడును! దీనిని ఎగతాళికి చెప్పుటలేదు. ఇచ్చినది జ్ఞాపకముంచుట మంచిదే. కాని పేరుకొరకు ఇచ్చినది దేవుని దృష్టికి ఎంత తూగునో ఇచ్చినవారే ఆలోచించుకొందురు గాక. వేకువనే వచ్చి మందిరము ఊడ్చి, చాపలు పరచి, నీళ్లకుండ నింపి పోవు విధవరాలి పేరు ఏ ఫలకముమీదను లేదు. ఆమె మన ముడిరాయి చెక్కిన శిల్పి.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుండి ఎందరో యౌవనస్థులు, దంపతులు హైదరాబాదునకును చెన్నైకిని ఇతర పట్టణములకును కట్టడపు పనులకు వలసపోవుచున్నారు. సెంట్రింగు కట్టువారు మీరు, కంకర మోయువారు మీరు, ఇరువది అంతస్తులమీద ఎండలో నిలుచువారు మీరు. గృహప్రవేశము నాటికి మిమ్మును ఎవరు పిలుతురు? ఈ పత్రిక మీ చేతికి అందినయెడల ఈ మాట మీకొరకే: మీరు తిన్నగా కట్టిన గోడను, ఎవరును చూడకపోయినను మీరు కల్తీ చేయక కలిపిన సిమెంటును ప్రభువు చూచియున్నాడు. ఆయనయు చేతిపని ఎరిగినవాడు. నజరేతులో వడ్లవాడని పిలువబడినవాడు.

రెండవ సంగతి: కలుపు రాతిని గూర్చి. ఈనెలు ఒక్కొక్కటి ఒక్కొక్క స్తంభమునుండి బయలుదేరును. ఒకటి తూర్పునుండి వచ్చును, ఒకటి పడమరనుండి వచ్చును. ఒకదానికొకటి ఎదురుగా త్రోయుచుండును. ఆ త్రోపులను పోగొట్టి ముడిరాయి వాటిని నిలుపుటలేదు. వాటిని తనయందు కలుపుకొని, ఆ త్రోపునే బలముగా మార్చుచున్నది. అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాయుచు, దూరస్థులును సమీపస్థులును క్రీస్తునందు ఒక్క కట్టడముగా చక్కగా అమర్చబడి వృద్ధిపొందుచున్నారని బోధించెను. కొలొస్సయులకు వ్రాయుచు, సమస్తమును ఆయనయందు నిలిచియున్నదని తెలిపెను. మన సంఘములో ఒక వంశమునకును మరియొక వంశమునకును, పై వీధికిని క్రింది వీధికిని, పెద్దలకును యౌవనస్థులకును త్రోపు ఉన్నది. లేదని చెప్పుట అబద్ధము. ఆ త్రోపు క్రీస్తునందు వచ్చి ఆనుకొన్నయెడల అది మందిరమును నిలుపును. ఆయనను తప్పించి ఒకరిమీద ఒకరు పడినయెడల అది మందిరమును కూల్చును. ముడిరాయి బరువైనదని ఎవరును దానిని తీసివేయరు. ప్రభువు ఆజ్ఞ బరువైనదని మనము ఎందుకు తీసివేయజూచుచున్నాము?

సెంట్రింగు మాట మరల జ్ఞాపకము చేసికొనుడి. బొబ్బిలిలోను, పాలకొండలోను, టెక్కలిలోను, సోంపేటలోను కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేసిరి. సాలూరు, పార్వతీపురం సీమలో లూథరన్ మిషనరీలు పనిచేసిరి. పాఠశాలలు, ఆసుపత్రులు, బోధకుల జీతములు అనేకము వారి చేతిమీద నడిచెను. ఆ కాలము గతించెను. వారు తమ దేశములకు వెళ్లిపోయిరి. కొందరు పెద్దలు నేటికిని, దొరలున్న దినములలో అట్లుండెను, ఇట్లుండెను అని నిట్టూర్చుచుందురు. ప్రియులారా, సెంట్రింగు ఎల్లకాలము ఉండుటకు కట్టబడదు. అది తీసిన తరువాత కప్పు నిలుచుటయే దానిని కట్టినవారికి ఘనత. మన కానుకలతో, మన ప్రార్థనతో, మన ప్రేమతో ఈ కప్పు నిలిచినయెడల వారి ప్రయాసము వ్యర్థము కాలేదు.

మూడవ సంగతి: ముగింపు చూడనివారిని గూర్చి. గోతిక్ మందిరములు ఒక తరములో ముగిసినవి అరుదు. పునాది త్రవ్వినవాని మనుమడు కప్పు వేసెను. మన విశాఖ సీమలోనే దీనికి సాటియైన కథ కలదు. జార్జి క్రాన్, అగస్టస్ దె గ్రాంజెస్ అను లండన్ మిషనరీలు 1805లో విశాఖపట్నము వచ్చి తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు అను తెలుగు క్రైస్తవుని సహాయముతో సువార్తలను అనువదింప పూనుకొనిరి. క్రాన్ 1809లోను, దె గ్రాంజెస్ 1810లోను కన్నుమూసిరి. ఆ అనువాదము 1812లో శ్రీరాంపూరులో అచ్చుపడెను. అచ్చుపుస్తకమును వారు చేతపట్టలేదు. వారు చెక్కిన రాతిని ఇతరులు పైకెత్తి పెట్టిరి. దాని నీడలో మనము కూర్చున్నాము.

కాలిన కప్పులను గూర్చియు ఒక మాట. 1984 జూలై 9న యార్క్ మందిరపు దక్షిణభాగపు కప్పు అగ్నికి ఆహుతియాయెను. తిరిగి కట్టునప్పుడు బాలబాలికలనుండి చిత్రములు కోరి, ఆరు చిత్రములను ఏరి, కొత్త ముడుల అలంకారముగా చెక్కించిరి. చంద్రునిమీద మనుష్యుడు నడచుట, ఆకలిగొన్నవారికి సహాయము చేయుట వాటిలో ఉన్నవి. పారిసులోని నోత్రదామ్ మందిరము 2019 ఏప్రిల్ 15న కాలెను. శిఖరము కూలి రాతికప్పును కొన్నిచోట్ల చీల్చెను. అయినను రాతికప్పు చాలభాగము నిలిచి లోపలిదానిని కాపాడెను. 2024 డిసెంబరులో ఆ మందిరము తిరిగి తెరువబడెను. పైన మంట మండుచుండగా క్రిందనున్నదానిని కాచిన కప్పు, శోధన దినమున సంఘము ఎట్లుండవలెనో మనకు నేర్పుచున్నది. చిన్నపిల్లల గీతలకు మందిరపు కప్పులో చోటిచ్చిన యార్క్ సంఘమును చూచి, ఆదివారపు బడి పిల్లలకు మన సంఘములో ఎంత చోటిచ్చితిమో మనలను మనము ప్రశ్నించుకొందము.

మన మందిరములకు రాతికప్పు లేదు. కొన్నిటికి పెంకులు, కొన్నిటికి రేకులు, కొన్నిటికి స్లాబు, వాన కురిసిన చోట గిన్నె పెట్టు మందిరములు కొన్ని. అందునుబట్టి సిగ్గుపడనక్కరలేదు. కార్యములు అల్పములైయున్న దినమును తృణీకరింపవద్దని మన పాఠములో దేవుడే బోధించుచున్నాడు. జెరుబ్బాబెలు చేతిలోని మట్టపుగుండును చూచి ఆయన కన్నులు సంతోషించును. మట్టపుగుండు తిన్నగా ఉన్నదా? ఆయన చూచునది అదియే.

కావున ఈ మాసము ప్రతి కుటుంబము మూడు పనులు చేయుదురు గాక. ఎవరికిని తెలియకుండ ఒక మేలు చేయుడి. దానిని ఎన్నటికిని చెప్పకుడి. మాటలు లేక మానుకొన్న ఒక యింటికి మీరే ముందుగా వెళ్లి, ప్రభువునుబట్టి పలుకరించుడి. వలసపోయిన మీ బిడ్డకు ఫోను చేసినప్పుడు కూలి ఎంత వచ్చెనని మాత్రమే గాక, చేయుచున్న పనిని గూర్చియు అడిగి, నీ పని దేవుడు చూచుచున్నాడని చెప్పుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా చేతిపనిని స్థిరపరచుము. మేము కనబడని చోట నున్నప్పుడు నమ్మకముగా నుండునట్లు కృప నిమ్ము. మా త్రోపులన్నియు నీ కుమారునియందు ఆనుకొని నీ మందిరమును నిలుపును గాక. పునాది వేసిన నీవే పైరాయియు పెట్టింతువని నమ్ముచు యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.